కొండలో ఊట, కొండ కింద ట్యాంకరు

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున వెలికొండ పాదాల దగ్గర ఒక ఊళ్ళో బస్సు దిగాను. రచ్చబండ పక్కన నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. దాని వెనక ప్లాస్టిక్ బిందెలు వరస కట్టి ఉన్నాయి. అక్కడి నుంచి పడమరగా బలుసు, కలివి కంపల మధ్య గొర్రెల బాట పట్టుకుని రెండు గంటలు నడిస్తే కొండ నోట్లోకి పోతాం. ఇంకో అరగంట లోపలికి పోయాక బండ సందులోంచి నీళ్ళు కారుతూ కనిపించాయి. చిటికెన వేలంత ధార. కింద బండలో జానెడు లోతు గుంట, దొన అంటారు దాన్ని. అందులో తోకకప్పలు ఈదుతున్నాయి. గట్టి వాన పడి అప్పటికి నాలుగు నెలలు దాటింది.

ట్యాంకరుకీ దొనకీ మధ్య ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో. రెండు చోట్లా పడింది ఒకే వాన. నీళ్ళు పల్లానికి పోతాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మరి పైనున్న రాతిలో ఏప్రిల్ దాకా నీళ్ళుండి, కిందనున్న ఊరు ఎందుకు ఎండింది? ఈ ప్రశ్న పట్టుకుని చాలా ఏళ్ళుగా వెలికొండల్లో, నల్లమల తూర్పు అంచున తిరుగుతున్నాను. జవాబు ఒకచోట దొరకలేదు. సగం రాతిలో ఉంది. మిగతాది వానలో, చెట్లలో, పాత శాసనాల్లో, ఊళ్ళ బోర్లలో కొంచెం కొంచెంగా ఉంది. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే తప్ప ఈ కొండ అర్థం కాదు.

వాన లెక్క

నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల పడమటి హద్దు వెంట ఉత్తర దక్షిణాలుగా సాగే వరస వెలికొండ. అవతలి పక్క కడప జిల్లా. వెలి అంటే బయట. తూర్పు కనుమల్లో సముద్రం వైపు అన్నిటికంటే బయట నిలబడ్డ వరస కాబట్టి ఆ పేరొచ్చిందని పెద్దవాళ్ళు చెబుతారు. కొందరు వెలిగొండ అంటారు. ఉత్తరానికి పోయేకొద్దీ ఇది నల్లమల పక్కకు చేరుతుంది. కంభం, గిద్దలూరు, మార్కాపురం వాళ్ళకి కొండంటే నల్లమలే.

నైరుతి రుతుపవనం పడమటి కనుమల మీదే బరువంతా దించుకుని, దక్కను దాటి ఇక్కడికి వచ్చేసరికి చాలావరకు ఖాళీ అయిపోతుంది. జూన్, జూలైల్లో కేరళలో వరదలని టీవీలో చూస్తూ ఉదయగిరి వాళ్ళు విసనకర్రలు విసురుకుంటూ ఉంటారు. ఇక్కడి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో, బంగాళాఖాతపు వాయుగుండాలతో వస్తుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. అది కూడా రోజూ కొంచెం కొంచెంగా కాదు. నాలుగైదు వాయుగుండాలు వస్తే మంచి ఏడు, ఒక్కటీ రాకపోతే కరువు.

తేమ గాలి సముద్రం మీద నుంచి వచ్చి ముందు గుద్దుకునేది కొండ తూర్పు ముఖానికి. అందుకని రాపూరు, పెంచలకోన వైపు అడవి కాస్త చిక్కగా ఉంటుంది. కొండ దాటి పడమట సగిలేరు లోయలోకి దిగితే చెట్లు పొట్టివైపోతాయి, ముళ్ళు పెరుగుతాయి. ఉత్తరానికి మార్కాపురం వైపు పోతే ఈశాన్య గాలి పట్టు కూడా సడలుతుంది. రెండు రుతుపవనాలూ వస్తాయి, ఏదీ నిండుగా రాదు. పశ్చిమ ప్రకాశం కరువుకి మొదటి కారణం ఇదే.

అంటే ఈ కొండలు రెండు మూడు నెలల్లో తాగిన నీళ్ళతో మిగతా తొమ్మిది నెలలూ గడపాలి. వాన ఎంత పడింది అన్నదానికంటే, పడిన వాన ఎంతకాలం ఆగింది అన్నదే ఇక్కడి చెట్టుకీ మనిషికీ ముఖ్యం. ఆపేది రాయి.

మన చిన్నప్పటి పలక

మా తరం అక్షరాలు దిద్దిన రాతిపలకలు మార్కాపురం గనుల నుంచి వచ్చినవే. ఆ పలకను తడిగుడ్డతో తుడిచింది గుర్తుందా? నీళ్ళు పైన పొరలా నిలబడి, ఊదితేనో ఎండలో పెడితేనో ఆరిపోయేవి. పలక ఒక్క చుక్క కూడా లోపలికి పీల్చేది కాదు. వెలికొండ, నల్లమల సగం ఆ పలకరాయే. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న బురద, పైబరువుకీ వేడికీ గట్టిపడి, పొరలు పొరలుగా చీలే రాయిగా మారింది.

మిగతా సగం అదే సముద్రపు ఇసుక. ఇసుక రేణువులు ఒకదానికొకటి కరుచుకుపోయి క్వార్ట్‌జైట్ అయింది. ఎరుపు కలిసిన తెలుపు, లేత గోధుమ రంగు. సుత్తితో కొడితే ఖంగుమంటుంది. ఉదయం ఏటవాలు ఎండలో కొన్ని బండల మీద అలల గుర్తులు కూడా కనబడతాయి. వేలితో తడిమితే, ఏటి ఒడ్డున తడి ఇసుక మీద నీళ్ళు గీసిన గీతల్లాగే చేతికి తగులుతాయి. మొదటిసారి అలాంటి బండ మీద కూర్చున్నప్పుడు లేవబుద్ధి కాలేదు నాకు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఒడ్డు అది. అప్పటికి భూమి మీద ఒక్క చెట్టు లేదు, చేప లేదు.

ఈ రాళ్ళను మొదట వరసగా పరిశీలించి రాసిన వాళ్ళలో భారత భూవిజ్ఞాన సర్వేకి చెందిన విలియం కింగ్ ముఖ్యుడు. 1872లో అచ్చయిన ఆయన నివేదికలో పెట్టిన పేర్లే ఇవాళ్టికీ వాడుతున్నారు. మొత్తం రాళ్ళ సముదాయానికి కడప పేరు, పలకరాయి పొరలకు కంభం పేరు, ఒక ముఖ్యమైన క్వార్ట్‌జైట్‌కు నల్లమలలోని బైరనికొండ పేరు. ప్రపంచంలో ఎక్కడ కూర్చుని ఈ రాళ్ళ గురించి చదివినా కంభం అన్న మాట చూడాల్సిందే. కంభంలో బస్సెక్కే వాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

ఇప్పుడు నీళ్ళ సంగతి. క్వార్ట్‌జైట్ గట్టిది కానీ పెళుసు. కొండ వంగినప్పుడు అది వంగలేక పగులుతుంది. నిలువు పగుళ్ళు, అడ్డ పగుళ్ళు. వాన నీళ్ళు ఆ సందుల్లోంచి లోపలికి దిగుతాయి. దిగి దిగి ఒకచోట పలకరాయి తగలగానే ఆగిపోతాయి. మేడ మీద సిమెంటు గచ్చు మీద ఇసుక కుప్ప పోసి నీళ్ళు చల్లండి. ఇసుక తాగేస్తుంది. కాసేపటికి కుప్ప అంచు దగ్గర, గచ్చు మీదుగా సన్నగా తడి బయటికి వస్తుంది. కొండలో ఊట పుట్టేది సరిగ్గా అలాగే. కొండ పక్కన ఎక్కడ గట్టిరాయికీ పలకరాయికీ మధ్య అతుకు బయటపడుతుందో అక్కడ తడి. అతుకు పెద్దదైతే బుగ్గ, చిన్నదైతే జాలు.

పుస్తకంలో చూస్తే బైరనికొండ క్వార్ట్‌జైట్ కింద, కంభం పలక పైన ఉంటాయి. నడుస్తూ చూస్తే అంత తేలిగ్గా ఉండదు. పలకరాయి పొరల మధ్యలో కూడా క్వార్ట్‌జైట్ పట్టీలు ఉన్నాయి. పైగా ఈ వరస మొత్తం తూర్పు పడమరల ఒత్తిడికి చాప ముడుచుకున్నట్టు ముడతలు పడింది. తూర్పు అంచున అయితే కొండ పొరలూ, నెల్లూరు వైపున్న ఇంకా పాత రాళ్ళూ జరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అందుకని ఒక కోనలో పలక కింద ఉంటుంది, పక్క కోనలో గోడలా నిలబడి ఉంటుంది, మూడో కోనలో అసలు కనిపించదు. ఒక కోనలో ఏప్రిల్‌లో నీళ్ళుండి, దాని పక్కదానిలో సంక్రాంతికే ఎండిపోవడానికి కారణం ఇదే. దూరం నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

ఇదంతా నేను పుస్తకాల్లో చదవకముందు ఒక గొర్రెల కాపరి నాకు రెండు మాటల్లో చెప్పాడు. అప్పటికి కొత్త. మార్చి నెల కదా, ఎండ అంత ఉండదులే అని రెండు లీటర్లతో బయలుదేరాను. పదకొండు గంటలకే సీసా ఖాళీ. నోరు పిడచకట్టుకుపోయి, కాళ్ళు తేలిపోతున్నాయి. కొండగోగు చెట్టు కింద కూర్చున్నాను, దానికి పసుపు పూలు తప్ప ఒక్క ఆకు లేదు, నీడ ఎక్కడిది? అప్పుడే కాపరి అటుగా వచ్చాడు.

"ఏంది అబ్బయా, నీళ్ళు అయిపోయినాయా?"

"అయిపోయినాయి మామా. దగ్గర్లో వాగేమన్నా ఉందా?"

"వాగులో ఇసకే ఉండాది. వాగు కాడ కాదు, రా, పైకి రా."

కిందికి దిగాలనుకుంటున్న నన్ను పైకి తీసుకుపోయాడు. కొండవాలున ఒకచోట నల్లటి పలకబండ తేలి ఉంది, దాని నెత్తిన ఎర్రటి గట్టిరాయి. రెంటికీ మధ్య నాచు చార. దాని కిందున్న చిల్లరాళ్ళు చేత్తో తీసి ఒక గుంట చేశాడు. మొదట బురద నీళ్ళు వచ్చాయి. వాటిని చిప్పతో తోడి పోసేశాడు. బీడీ ముట్టించి, సగం కాల్చాడు. ఈలోపు గుంటలో తేట నీళ్ళు ఊరాయి. "పలక ఎక్కడ తేలిందో చూసుకో. దాని నెత్తిన తడి ఉంటాది" అన్నాడు. చల్లగా, ఏ రుచీ లేకుండా ఉన్నాయి ఆ నీళ్ళు. ఏ రుచీ లేకపోవడం ఎంత గొప్ప విషయమో తర్వాత చెబుతాను.

ఏటి ఇసుకలో తోడుకునే గుంటని చెలమ అంటాం. బండ మీద వాన నీళ్ళు నిలిచే గుంట దొన. లోతైన వాగు మడుగు గుండం. ఎప్పుడూ ఉబికేది బుగ్గ. కొండల మధ్య మూసుకున్నట్టుండే లోయ కోన, కొండ దాటే సందు కనుమ. ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. ఒక్కో మాటలో నీళ్ళు ఎంతకాలం ఉంటాయో ఉంది. దొన నీళ్ళు ఫిబ్రవరి దాకా అనీ, బుగ్గ అయితే వైశాఖంలో కూడా నమ్ముకోవచ్చనీ కాపరికి చెప్పక్కర్లేదు.

ఈ రాతి మీద పెరిగేవి, తిరిగేవి

క్వార్ట్‌జైట్ కరిగి మట్టి కావడం చాలా కష్టం. కాబట్టి కొండ మీద మట్టి పలచన, బలం తక్కువ. ఇక్కడ పెరిగే చెట్టు నిదానంగా పెరగాలి, ఎండాకాలం ఆకు రాల్చి నిద్రపోవాలి. బిల్లు, చండ్ర, తునికి, తపసి, అన్నిటిదీ అదే బతుకు. ఎర్రచందనం కూడా అంతే. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండ, నల్లమలలో కొంత, ఈ దక్షిణ తూర్పు కనుమల చిన్న పట్టీ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా పెరగదు. రాళ్ళలో, పలచటి మట్టిలో, నీళ్ళు త్వరగా జారిపోయే చోట నిదానంగా ముదిరి, చేవ ఎర్రగా, నీళ్ళలో వేస్తే మునిగేంత బరువుగా తయారవుతుంది. ఆ చేవ కోసమే దొంగలు పడి కొండలు ఖాళీ చేశారు. ఉదయగిరిలో మాత్రం ఇదే అడవి కర్రకు ఇంకో రకమైన బతుకు ఉంది. నర్ది, బిక్కి లాంటి తేలికైన కర్రతో అక్కడి చేతిపనివాళ్ళు చెక్కే చెంచాలు, గరిటెలు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక చెంచా కొని కాడ చివర నగిషీ చూడండి, ఆకురాయితో ఎంతసేపు కూర్చుని ఉంటారో అర్థమవుతుంది.

కలివి కంపల మధ్య తిరిగే పిట్ట ఒకటుంది, కలివికోడి. 19వ శతాబ్దం మధ్యలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ ద్వారా శాస్త్రలోకానికి తెలిసింది. 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు, ఇంగ్లీషులో ఆయన పేరే స్థిరపడింది. జెర్డన్ పిట్టల పేర్లు, అలవాట్లు చాలావరకు నెల్లూరు యానాదుల దగ్గర నేర్చుకున్నాడు. 1900 తర్వాత ఆ పిట్ట ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, లంకమల కొండల పాదాల్లో మళ్ళీ దొరికింది. దొరికింది కూడా స్థానిక వేటగాడి చేతికే. పండితులు లేదన్న ఎనభై ఆరేళ్ళూ ఆ ఊళ్ళలో దాని పేరు బతికే ఉంది. తర్వాత దాన్ని వెతకడానికి పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి అడుగుజాడలు చూసేవారు. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి. అది ఉండే నేల చిక్కటి అడవి కాదు, పొదలూ ఖాళీ జాగాలూ కలిసిన, గొర్రెలు మేసే చోటు. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్ళించారు. పనికిరాని కంపచెట్ల బీడు అని మనం రికార్డుల్లో రాసే నేల విలువ ఏమిటో ఈ పిట్ట ఒక్కటి చాలు చెప్పడానికి.

నీళ్ళున్నచోటే దేవుడు, కోట, చెరువు

గిద్దలూరు పరిసరాల్లో వాగుల ఒడ్డున పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. చేతిగొడ్డళ్ళు, గోకుడు రాళ్ళు. ఎక్కువ భాగం క్వార్ట్‌జైటే. నల్లమల, కర్నూలు ప్రాంతంలో ఏరిన రాళ్ళ ఆధారంగా కమియాడ్, బర్కిట్ అనే పరిశోధకులు 1930లో తూర్పు కనుమల రాతియుగాన్ని నాలుగు దశలుగా విడదీసి, తడి కాలాలు పొడి కాలాలు మారుతూ వచ్చాయని వాదించారు. ఆ విభజనని తర్వాతివాళ్ళు సవరించారు. కానీ మనిషి ఇక్కడికి ఎందుకు వచ్చాడన్నది తేటతెల్లమే. పనిముట్టుకు కావలసిన రాయీ తాగడానికి నీళ్ళూ ఒకే కోనలో దొరుకుతాయి.

తర్వాత దేవుళ్ళు వచ్చారు. భైరవకోనలో వాగు ఒడ్డున ఒకే రాతి గోడలో ఎనిమిది శివాలయాలు తొలిచారు. పల్లవుల, చాళుక్యుల శైలి ఛాయలు రెండూ కనిపిస్తాయి. ఎగువన జలపాతం. పెంచలకోనలో కొండ మూల నరసింహస్వామి, పక్కనే ఏరు. సీతారామపురం వైపు ఘటిక సిద్ధేశ్వరం. రాచర్ల దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున నెమలిగుండ్ల రంగనాయకస్వామి. ఈ నాలుగూ మ్యాపు మీద గుర్తు పెట్టి చూడండి. ఒక్కటీ శిఖరం మీద లేదు. అన్నీ కోనల్లో, నీళ్ళు బయటికి వచ్చే చోట ఉన్నాయి. ఎండిన దేశంలో నీళ్ళ చోటు పవిత్రం కావడం సహజం. దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. గుడి ఉన్నచోట ఎగువన చెట్టు కొట్టకూడదు, నీళ్ళు పాడుచేయకూడదు అన్న కట్టుబాటు వందల ఏళ్ళు నిలిచింది.

ఉదయగిరి సంగతి వేరు. అది రాజుల కొండ. సుమారు 3,079 అడుగుల ఎత్తు, చాలా వైపుల నిలువు రాతి గోడలు. నెల్లూరు తీరానికీ కడప లోయలకీ మధ్య దారుల మీద కన్నేసి ఉంచే చోటు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట లొంగింది. ముట్టడి గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాంట్లో ఒక వివరం నడిచేవాళ్ళకి బాగా అర్థమవుతుంది. కోటకు ఒకటే దారి, అదీ మనుషులు ఒకరి వెనక ఒకరు తప్ప పోలేనంత ఇరుకు. రాయలు కొండలు తొలిపించి, బండలు పగలగొట్టించి వెడల్పైన దారి వేయించాడట. పైన చెరువులు, కోనేర్లు ఉన్నాయి. వాన నీటిని రాతి మీదే పట్టుకునే ఏర్పాటు ఉన్న కోటను దాహంతో లొంగదీయడం కుదరదు. ఏడాదిన్నర ఎందుకు పట్టిందో కొండెక్కి ఆ కోనేటి గట్టు మీద కూర్చుంటే తెలుస్తుంది. ఆ యుద్ధంలో ఇక్కడి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుడి విగ్రహం కోసమే హంపీలో కృష్ణాలయం కట్టించాడు.

నాకు రాయల ముట్టడి కంటే ఎక్కువ ఇష్టమైన ఉదయగిరి కథ దానికి నూటనలభై ఐదేళ్ళ ముందుది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి రాజ్యాన్ని ఏలుతూ, కొండకు అవతల పోరుమామిళ్ళలో 1369లో చెరువు కట్టించాడు. అక్కడి శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను వరసగా చెబుతుంది. తీయటి నీళ్ళతో దూరం నుంచి వచ్చే ఏరుండాలి. ఆ ఏటికి అటూఇటూ కొండ కొసలుండాలి. వాటి మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట వేయాలి. కట్ట నీళ్ళు కారడం దోషం. చవుడు నేల దోషం. నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువైనా, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువైనా దోషమే. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని కూడా ఉంది. ఇది రాసినవాడు గదిలో కూర్చుని రాయలేదు. కొండను కాళ్ళతో తిరిగి చూసినవాడే ఇలా రాయగలడు.

కంభం చెరువు కూడా ఇదే సూత్రం. గుండ్లకమ్మ రెండు కొండల మధ్య ఇరుకు సందులోంచి వచ్చే చోట 57 అడుగుల ఎత్తు కట్ట వేశారు. విజయనగర రాజకుమారి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో దానికీ పోరుమామిళ్ళ చెరువుకూ అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తింపు వచ్చింది.

మెత్తటి పలకరాయి అరిగిపోయి లోయ అవుతుంది. గట్టి క్వార్ట్‌జైట్ అరగక వరుసకొండగా నిలబడుతుంది. ఏరు ఆ గట్టి వరసను ఎక్కడో ఒకచోట కోసుకుని బయటపడక తప్పదు. ఆ కోత దగ్గర కట్ట వేస్తే లోపలి లోయంతా చెరువే. సోమశిల దగ్గర పెన్న కోసిన సందులోనే ఇవాళ 78 టీఎంసీల జలాశయం ఉంది. వెలిగొండ ప్రాజెక్టులో నల్లమల సాగర్ అంటున్నది కూడా సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు సందులు మూస్తే ఏర్పడేదే. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల్లో 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని అక్కడికి తేవాలన్నది లక్ష్యం. 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు.

మరి ఊళ్ళో నీళ్ళకి ఏమైంది

కొండ దిగి తూర్పుకి నడిస్తే పలక, క్వార్ట్‌జైట్ రెండూ అయిపోతాయి. పామూరు, కనిగిరి, పొదిలి వైపు నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్, శిస్టు లాంటి పాత రాళ్ళు. వీటిలో నీళ్ళు నిలిచేది పైపైన చివికిన పొరలోనూ, కింద అక్కడక్కడ ఉన్న పగుళ్ళలోనూ. పైపొర నీళ్ళు పూర్వం మోటబావులకి సరిపోయేవి. బోర్లు వచ్చాక ఆ పొర ఎండింది. మూడొందలు, ఐదొందలు, ఇంకా లోతు. అంత లోతు పగుళ్ళలో నీళ్ళు ఏళ్ళ తరబడి రాతితో రాసుకుంటూ ఉంటాయి.

ఆ రాతిలో ఫ్లోరిన్ ఉంది. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ ఖనిజమే కనిపిస్తుంది. మిగతాచోట్ల కూడా నల్లమైకా, హార్న్‌బ్లెండ్, అపటైట్ లాంటి ఖనిజాల్లో కొంత ఉంటుంది. క్షారగుణం ఉన్న, సున్నం తక్కువైన నీళ్ళు ఆ ఫ్లోరైడ్‌ను బాగా కరిగించుకుంటాయి. ఎండ ఎక్కువ, వాన తక్కువ అయినచోట ఆవిరై ఇంకా చిక్కబడతాయి. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి, నడుములు వంగిపోతాయి. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, నెల్లూరు జిల్లాలోనే. తర్వాత ప్రకాశంలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరులో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి, రెండేళ్ళ తర్వాత దానికి ప్రకాశం పేరు పెట్టారు.

కొండ ఊటలో ఆ సమస్య లేదు. క్వార్ట్‌జైట్ దాదాపు మొత్తం సిలికా. దానిలోంచి నీళ్ళలోకి కరగడానికి పెద్దగా ఏమీ లేదు. పైగా ఊట నీరు నిన్నమొన్నటి వానే, పాతకాలపు నిల్వ కాదు. కాపరి తోడిచ్చిన నీళ్ళకు ఏ రుచీ లేకపోవడం అందుకే.

మరి ఊట నీళ్ళను ఊళ్ళకి పైపు వేసి తెచ్చుకోవచ్చు కదా అని అడుగుతారు. చిటికెన వేలంత ధార గొర్రెల మందకు, నలుగురు మనుషులకు చాలుతుంది. ఊరికి చాలదు. కొండ దాచుకున్నది కొంచెమే, అది కొండలో బతికేవాటి లెక్క. కొండ ఊళ్ళకి ఇవ్వాల్సిన వాటా వేరే ఉంది. వానాకాలం వాగుల్లో పారి, కింద చెరువుల్లో నిండి, మట్టిలో ఇంకి, బావుల పైపొరను తడిపే నీళ్ళు అవి. ఆ వాగులకి అడ్డంగా రోడ్లు వేశాం. చెరువులు పూడిపోతే ఊరుకున్నాం. లోతు బోరు వేసుకుని విషపు నీళ్ళు పైకి తెచ్చుకున్నాం. అటు కొండ మీద అడవి పలచబడేకొద్దీ వాన నీళ్ళు పగుళ్ళలో దిగకుండానే జారిపోతున్నాయి. ట్యాంకరుకీ దొనకీ మధ్య ఏడెనిమిది కిలోమీటర్లలో తెగిపోయిన లింకు ఇది. నాకు బాధ కలిగించేదీ ఇదే. ఆరొందల ఏళ్ళ క్రితం శాసనంలో చెక్కి మరీ చెప్పిన సంగతి మనకు తెలియకపోవడం కాదు, పట్టకపోవడం.

వెళ్ళాలనుకుంటే

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాయుగుండం ఉన్నప్పుడు కోనల్లోకి పోవద్దు. పైన వాన పడితే కింద మీకు చినుకు లేకుండానే వాగు మీదికొస్తుంది. చాలా భాగం రిజర్వు అడవి, పెనుశిల నరసింహ అభయారణ్యం కూడా ఇందులోనే ఉంది. కాబట్టి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ఎర్రచందనం కారణంగా కొత్త మొహాలను ఆపి అడుగుతారు, అడగాలి కూడా. మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు. ఎలుగుబంట్లు ఉంటాయి, ఇప్పపూలు రాలే రోజుల్లో పొద్దున్నే, సాయంత్రం పూట ఒంటరిగా తిరగొద్దు. తెలిసిన కాపరినో, యానాదుల పెద్దనో తోడు తీసుకుని, వాళ్ళ రోజు కూలి మర్యాదగా ఇవ్వండి.

నీళ్ళ చోటు దగ్గరికి చేరుతున్నప్పుడు గొర్రెల బాటలు ఒకదానిలో ఒకటి కలవడం మొదలవుతాయి. తేనెటీగలు ఒకే దిక్కుకు పోతుంటాయి. మేడి, నీరుమద్ది కనిపిస్తాయి, మిగతా అడవి మోడై ఉన్నా ఆ రెండూ పచ్చగా ఉంటాయి. అప్పుడు తల పైకెత్తి రాతి గోడను చూడండి. నల్ల పలక, ఎర్ర గట్టిరాయి, మధ్యలో నాచు చార.

ఆ మార్చి మధ్యాహ్నం నేను కడుపునిండా తాగి, సీసా నింపుకుని లేచాక, కాపరి మామ వెంటనే కదల్లేదు. తీసి పక్కన పెట్టిన చిల్లరాళ్ళు మళ్ళీ ఒక్కొక్కటే ఏరి గుంటలో పేర్చాడు. ఎందుకు మామా, రేపొచ్చినప్పుడు మళ్ళీ తీయాలి కదా అన్నాను. "పందులు పొర్లితే ఊట చెడతాది. రాళ్ళుంటే పిట్టలు తాగతాయి, పందులు తాగలేవు. వాటికి దిగువన మడుగు ఉండాదిలే" అని, పైన ఒక కలివి కొమ్మ విరిచి అడ్డం వేసి, గొర్రెలను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.